మద్దెల కూడా చూడాలి – గ్రేస్ హాపర్ జీవితం

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మనందరికీ తెలుసు. కానీ ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది. మన హాస్టల్ వదిలి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకునేటప్పుడు మాకిది అనుభవమైంది. మొదటి టెస్టు రన్ కాక మూడు రోజులు అవస్థ పడ్డాం. తెలుగు మీడియం వాళ్లం, ఇది మన బుర్రకెక్కదులే అనుకుని బ్యాగులు సర్దుకున్నాం. తీరా చూస్తే జావా ఉన్న ఫోల్డరు ఒకటి, సెట్టింగుల్లో మేమిచ్చిన పాత్ మరొకటి. ఆ ఒక్క లైను మార్చగానే టెస్టు నడిచింది. ఆ తర్వాతే గ్రేస్ హాపర్ గురించి చదివాం.

ఆమె 1906 డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్ల వయసులో అలారం ఎలా మోగుతుందో చూద్దామని ఇంట్లోని ఏడు గడియారాలనూ విప్పేశారు. ఇకపై ఒక్కదానితోనే సరిపెట్టుకోమని తల్లి కట్టడి చేశారు. లాటిన్ పరీక్ష తప్పడంతో వాసర్ కాలేజీలో చేరడం ఏడాది ఆలస్యమైంది. అయినా ఆగలేదు. 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో పీహెచ్‌డీ పొందారు. వాసర్‌లోనే పాఠాలు చెప్పారు.

రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో చేరబోతే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. ప్రత్యేక అనుమతితో 1943లో చేరారు. మరుసటి ఏడాది హార్వర్డ్‌లో 51 అడుగుల పొడవున్న మార్క్-1 కంప్యూటర్ దగ్గర పని అప్పగించారు. 37 ఏళ్ల వయసులో ఆ పనికి ఆమె కొత్త.

1947 సెప్టెంబరు 9న అక్కడి మార్క్-2 యంత్రంలో లోపం వచ్చింది. వేల రిలేలున్న ఆ యంత్రంలో వెతగ్గా ఎఫ్ ప్యానెల్‌లో 70వ రిలేలో ఒక రెక్కల పురుగు చిక్కుకుని ఉంది. దాన్ని తీసి, టేపుతో లాగ్‌బుక్‌లో అంటించి, టైముతో సహా రాసిపెట్టారు. పురుగును పట్టింది హాపర్ బృందమే గానీ ఆమె స్వయంగా కాదు. బగ్ అనే మాట కూడా అంతకు ముందే ఉంది. ఆ కథను లోకానికి చెప్పింది మాత్రం ఆమే.

1952లో ఆమె ఎ-0 కంపైలర్ తయారుచేస్తే, కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడమేమిటని చాలామంది నమ్మలేదు. ఆమె చేసిన ఫ్లోమాటిక్ భాషే 1959లో మొదలైన కోబాల్‌కు దారి చూపింది. 1986లో 79 ఏళ్ల వయసులో రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. 1992 జనవరి 1న కన్నుమూశారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు మీ మొదటి టెస్టు కూడా నడవకపోవచ్చు. ఎర్రక్షరాలు చూసి బెదరకండి. ఎర్రర్‌లో మొదటి లైను చదవండి. వెర్షన్ చూడండి, పాత్ చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఏం మార్చారో నోటుబుక్కులో రాసుకోండి. అన్నీ చూశాకే మిమ్మల్ని మీరు అనుమానించుకోండి. బ్యాగు మాత్రం సర్దకండి.

– మీ పాత విద్యార్థులు