ఇగోర్ సికోర్‌స్కీ

విమానములన్నియు నొక్క తీరువి కావు. కొన్ని పరుగెత్తుటకు చదునైన నేలను గోరును. కొన్ని నీటిపై వ్రాలును. కొన్ని యున్నచోటి నుండియే నిట్టనిలువుగా లేచును. ఈ మూడు తెగలవానిని నిర్మించి లోకోపయోగమునకు దెచ్చిన మహాశిల్పి ఇగోర్ సికోర్‌స్కీ.

ఈయన 1889వ సంవత్సరము మే 25వ తేదీన, నాడు రష్యా సామ్రాజ్యమునకు జేరిన కీవు నగరమున జన్మించెను. లియొనార్డో డావించి ఊహించిన ఎగురు యంత్రములను గూర్చి తల్లి చెప్పగా బాల్యముననే వినెను. 1909లో హెలికాప్టరు నొకదానిని గట్టెను. అది నేల విడువలేదు. మరుసటి యేట గట్టినది తన బరువును మాత్ర మెత్తెను గాని మనుష్యుని మోయలేకపోయెను. నాటి ఎంజినులకు తగిన బలము లేదని గ్రహించి, ఆశ విడువక, ఆ పనిని ముందునకు దాచుకొని, రెక్కల విమానముల వైపు మరలెను.

1911లో ఒకనాడు ఆకాశమున నుండగా ఎంజిను నిలిచిపోయెను. ఎట్లో నేలకు దిగి చూడగా, పెట్రోలు వచ్చు సన్నని రంధ్రమున నొక దోమ చిక్కియుండెను. ఒక్క ఎంజినును నమ్ముట తగదని తలచి, 1913లో నాలుగు ఎంజినుల విమానమును ఎగురవేసెను. దాని వెనుక వచ్చిన ఇల్యా మూరొమెట్స్ 1914లో సెయింటు పీటర్స్‌బర్గు నుండి కీవు వరకు పోయి తిరిగివచ్చెను. ప్రయాణికుల సుఖమునకై గట్టిన ఆ విమానమే, యుద్ధము రాగా బాంబులు మోయవలసివచ్చెను.

1917 నాటి విప్లవముతో ఈయన సర్వస్వము పోయెను. 1919లో న్యూయార్కు చేరి, తోడి వలసవారికి గణితము బోధించి పొట్ట పోసికొనెను. 1923లో మిత్రుల సాయమున నొక కోళ్లపెంపకపు స్థలమున విమాన నిర్మాణమును మరల నారంభించెను. 1926లో అట్లాంటికు దాటవలసిన ఈయన విమానము లేవకమునుపే కాలిపోయి ఇద్దరు మరణించిరి. ఆ దుఃఖమును దిగమ్రింగి, 1928లో నేలపైనను నీటిపైనను దిగగల విమానమును, 1934లో దూరప్రయాణమునకు దగిన పెద్ద నీటి విమానమును సిద్ధపరచెను. విమానాశ్రయములు లేని తీరములకు అవి మనుష్యులను, టపాను జేర్చినవి.

దాచిన పని మాత్రము మరువలేదు. 1939 సెప్టెంబరు 14వ తేదీన, తొలి యత్నమునకు ముప్పది యేండ్ల పిదప, త్రాళ్లతో గట్టిన హెలికాప్టరును తానే నడిపి నేల నుండి కొద్దిగా లేపెను. 1944లో అట్టి యంత్రమే బర్మా అరణ్యమున జిక్కిన క్షతగాత్రులను ఒక్కొక్కరిగా వెలికి దెచ్చెను. 1972 అక్టోబరు 26వ తేదీన అమెరికాలో ఈయన కన్నుమూసెను.

2009 అక్టోబరున తుంగభద్ర పొంగి ఆలంపురము, కర్నూలు ప్రాంతములు మునిగినప్పుడు హెలికాప్టరులే ఆహారపు పొట్లములను జారవిడిచినవి. 2010 నుండి సికోర్‌స్కీ సంస్థవారి హెలికాప్టరు గదులు హైదరాబాదు చేరువనున్న ఆదిభట్లలో తయారైనవి. చదునైన నేల దొరకని మన నల్లమలలో, నిట్టనిలువుగా దిగు యంత్రపు విలువను మన్ననూరు బిడ్డలకు వేరుగా జెప్పనక్కరలేదు. విద్యార్థులారా! నేడు తప్పిన లెక్క రేపటికి నిలిచియుండును; దానిని చింపివేయక దాచుకొనుడు.