యల్లాప్రగడ సుబ్బారావు: పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు తొలి కళ్లెం.. ఆ మందు వెనుక మన భీమవరం డాక్టర్!

హయత్‌నగర్‌లో ఏ ల్యాబ్‌లో సీబీసీ చేయించుకున్నా రిపోర్టులో 5 రకాల తెల్ల రక్తకణాల పేర్లు ఉంటాయి. సగానికి పైగా న్యూట్రోఫిల్సే.. బ్యాక్టీరియా వస్తే ముందు ఉరికేది ఇవే. మోనోసైట్లు మిగిలిన చెత్తను మింగేస్తాయి. ఇసినోఫిల్స్ పురుగుల మీద పోరాడతాయి. బేసోఫిల్స్ మరీ తక్కువ. లింఫోసైట్ల లెక్కే వేరు. ఒకసారి వచ్చిన శత్రువును గుర్తు పెట్టుకుంటాయి, యాంటీబాడీలు తయారు చేస్తాయి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్ మొదలయ్యేది కూడా పూర్తిగా ఎదగని ఈ లింఫోసైట్ల నుంచే.

ఆ క్యాన్సర్‌ను మొదటిసారి వెనక్కి నెట్టిన మందు యల్లాప్రగడ సుబ్బారావు టీమ్ ఇచ్చిందే. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు బలి తీసుకుంది. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాత అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో చదువు, పరిశోధన.. 1940లో లెడర్లీ కంపెనీ. 1945లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసింది. తన ఇంట్లో ప్రాణాలు తీసిన స్ప్రూకు అదే మందైంది!

అసలు మలుపు ఇక్కడే. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ రకం మందు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గలేదు సరికదా ఇంకా పెరిగింది. అంటే ఆ కణాలకు అది మేత అన్నమాట. మరి మేతలాగే కనిపించే నకిలీ ఇస్తే? సుబ్బారావు టీమ్ తయారు చేసిన అమినోప్టెరిన్ అలాంటిదే. దాంతో కణం కొత్త డీఎన్ఏ తయారు చేసుకోలేదు, పెరగడం ఆగిపోతుంది. ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. అది కొంతకాలమే.. జబ్బు మళ్లీ తిరగబెట్టింది. అయినా అప్పటిదాకా ఆ మాత్రం కూడా ఎవరూ చూడలేదు.

1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే. నోబెల్ రాలేదు. మన దేశం ఆయన పేరిట స్టాంపు వేసింది కూడా 1995లో, శతజయంతికి!

అమినోప్టెరిన్‌కు తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల బ్లడ్ క్యాన్సర్ చికిత్సలో ఉంది. కీళ్లవాతానికీ వాడతారు, తక్కువ మోతాదులో. ఇక తెలంగాణలో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర.. అదీ లెడర్లీలో ఆయన హయాంలో వచ్చిందే.