కోనన్ డాయిలు చేసిన నిజమైన విచారణలు

షెర్లాక్ హోమ్సు పేరెరుగని చదువరి మన దేశమున అరుదు. కాని ఆ పరిశోధకుని సృష్టించిన సర్ ఆర్థర్ కోనన్ డాయిలు నిజముగా జరిగిన నేరములను గూర్చి వ్రాసిన వ్రాతలను చదివినవారు మిక్కిలి కొలది. కథలకన్న ఆ వ్రాతలే ఆయనకెక్కువ గౌరవము తేదగినవని మా తలంపు.

డాయిలు 1859 మే 22వ తేదీన స్కాట్లండులోని ఎడింబరో నగరమున జన్మించి, అచటి విశ్వవిద్యాలయముననే వైద్యము నభ్యసించెను. గురువులలో నొకడగు జోసెఫ్ బెల్లు, రోగి నోరు విప్పకమునుపే వాని వృత్తిని, అలవాట్లను చూపుమాత్రముననే చెప్పెడివాడు. హోమ్సునకు మూలపురుషుడాయనయే. 1882లో పోర్ట్స్‌మత్ పట్టణపు సౌత్‌సీ పేటలో వైద్యవృత్తి నారంభించిన డాయిలునకు రోగులు కొఱవడిరి; తీరిక మిగిలెను. ఆ తీరికలో వ్రాసిన తొలి హోమ్సు నవల 1887లో వెలువడెను. దానిపై సర్వహక్కులను 25 పౌనులకే విక్రయించెను. 1891 నుండి స్ట్రాండు మాసపత్రికలో చిన్నకథలు రాసాగిన పిదప ఆయనకు వైద్యముతో పని లేకపోయెను.

మేమును ఆ కథలను నిద్రమాని చదివినవారమే. అయినను ‘సైన్ ఆఫ్ ఫోర్’ అను 1890 నాటి నవలను నేడు మరల చదువునపుడు మనసు చివుక్కుమనక మానదు. అందులో అండమాను ద్వీపవాసి యొకడు విషపుముళ్ల నూదు నరభక్షకుడు. ఆ ద్వీపవాసులు నరభక్షకులు కారు. వారి ఆయుధము విల్లే కాని ఊదుగొట్టము కాదు. ముఖమును బట్టి మనుష్యుని నేరస్థునిగా నెంచు ఈ దోషమునే పదునేడేండ్ల పిమ్మట డాయిలు పోలీసులయందు గుర్తించి యెండగట్టెను. బోయరు యుద్ధమున ఆంగ్లప్రభుత్వమును సమర్థించుచు 1902లో పుస్తకము వ్రాసి, ఆ యేడే సర్ బిరుదము పొందెను. ఆ విషయమున ఆయనతో మాకు పొత్తు కుదురదు. కాంగోలో బెల్జియము రాజు పాలనలో జరిగిన ఘోరములను 1909లో లోకమునకు చాటినవాడును ఆయనయే యని చెప్పుట న్యాయము.

1901లో స్ట్రాండు పత్రికలో ఆయన పాత హత్యలను గూర్చి మూడు వ్యాసములు వ్రాసెను. వానిలో ఎమ్స్లీ హత్యను గూర్చినది మాకు మిక్కిలి నచ్చినది. 1860లో లండనులో ఆ ధనిక వృద్ధురాలు చంపబడెను. మల్లిన్సు అను మాజీ పోలీసు బహుమానమున కాశపడి మరియొకనిపై నేరము మోపబోయి, తానే చిక్కి ఉరికంబమెక్కెను. వాడు మంచివాడని డాయిలు వాదింపడు. చూపిన సాక్ష్యము ఉరికి చాలునా యనునదియే ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్న బ్రతికియున్న మనుష్యుని విషయమున 1906 చివర ఆయన వాకిట నిలిచెను. బొంబాయి పారసీకుడగు షాపుర్జీ ఎదల్జీ క్రైస్తవుడై, ఇంగ్లండులో గ్రేట్ వర్లీ గ్రామమున మతాచార్యుడుగా నుండెను. కుమారుడు జార్జి బర్మింగుహాములో న్యాయవాది. 1903లో ఆ గ్రామ ప్రాంతమున రాత్రులందెవరో గుఱ్ఱములను, పశువులను కోసి చంపుచుండగా పోలీసులు జార్జిని పట్టిరి. ఆ రాత్రి వాడు తన గదిలోనే నిద్రించెనని తండ్రి చెప్పిన సాక్ష్యమును నమ్మలేదు. ఏడేండ్ల కఠినశిక్ష పడెను. పదివేలమంది మహజరుపై సంతకములు చేసిరి. మూడేండ్లకు విడిచిపెట్టిరి, నిర్దోషి యని మాత్రము చెప్పలేదు.

లండనులోని యొక హోటలులో డాయిలు ఆయనను కలిసికొనబోయెను. జార్జి వార్తాపత్రికను కన్నులకానించి, పక్కవాటుగా పట్టుకొని చదువుచుండెను. కంటివైద్యుడగుటకు శ్రమించిన డాయిలునకు ఆ దృశ్యమే చాలినది. అంత చూపుతక్కువవాడు చీకటిలో పట్టాలు దాటి, కంచెలు దూకి, పొలములోని గుఱ్ఱమును కనుగొని కోయుట యెట్లు? 1907 జనవరిలో డెయిలీ టెలిగ్రాఫులో వ్యాసములు వ్రాసి, ఎవరైనను ఉచితముగా పునర్ముద్రించుకొనవచ్చునని ప్రకటించెను. ప్రభుత్వము ముగ్గురి సంఘమును వేసెను; వారిలో నొకరు జిల్లా పోలీసు అధిపతికి బంధువు! పశుహింస విషయమున క్షమాపత్రము లభించెను. ఆకాశరామన్న ఉత్తరములు మాత్రము వాడే వ్రాసెనని నిందించి పరిహారము నిరాకరించిరి. శిక్షపడినవానికి క్షమించుటయేమి, నిర్దోషి యైనవానిని? ఆ యేడే ఇంగ్లండున క్రిమినలు అప్పీలు కోర్టు స్థాపనకు చట్టము పుట్టుటకు ఈ వ్యవహారము, బెక్ అను మరియొక నిర్దోషి గాథ తోడ్పడినవి. డాయిలు తన రెండవ వివాహమునకు జార్జిని అతిథిగా పిలిచెను.

ఆస్కారు స్లేటరు కథ ఇంతకన్న దీర్ఘము. జర్మను యూదుడు, జూదరి. డాయిలునకు వాని నడవడి గిట్టదు. 1908లో గ్లాస్గోలో గిల్‌క్రిస్టు అను వృద్ధురాలు హత్య కాగా, కుదువపెట్టిన యొక నగ ఆధారముగా వానిని వెంటాడిరి. ఆ నగ హత్యకు వారములముందే కుదువబడినదని తేలినను వదలలేదు. ఉరిశిక్ష చివరి గడియలలో యావజ్జీవముగా మారెను. 1912లో డాయిలు చిన్న పుస్తకము వ్రాసెను, ఫలింపలేదు. స్లేటరు తరఫున నోరు తెరచిన ట్రెంచి అను పోలీసు ఉద్యోగి కొలువు పోగొట్టుకొనెను. 1927లో విడుదల, 1928లో శిక్ష రద్దు, 6,000 పౌనుల పరిహారము. పిమ్మట వ్యాజ్యపు ఖర్చులను గూర్చి ఆ యిరువురికిని కలహమే వచ్చెను.

సాక్ష్యమునకింత విలువ యిచ్చినవాడు, కడపటి యేండ్లలో ఇద్దరు బాలికలు కాగితపు బొమ్మలతో తీసిన దేవకన్యల ఛాయాచిత్రములను నమ్మి 1922లో గ్రంథమే వ్రాసెను. 1930 జూలై 7న డాయిలు మరణించెను. జార్జి ఎదల్జీ 1953 వరకు జీవించెను. ప్రభుత్వము ఆయనకొక్క పౌనైనను ఈయలేదు.