పై గాలి పొరల కోసం పట్టుబట్టిన ఆచార్యుడు: శిశిర్ కుమార్ మిత్రా

రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు విన్నారా అని మీ అమ్మగారినో నాన్నగారినో ఒకసారి అడిగి చూడండి. గరగరల మధ్య ముల్లు తిప్పుతూ పాట వెతుక్కున్న రోజులు గుర్తుచేసుకుంటారు. కొలంబో నుంచి ఆ పాట మన ఊళ్లకు నేల మీదుగా రాలేదు. ఆకాశంలోకి వెళ్లి, అయనోస్ఫియర్ అనే పొరను తాకి, కిందికి వంగి వచ్చింది. అంత ఎత్తున పలచగా ఉండే గాలికి సూర్యకిరణాలు విద్యుదావేశం కలిగిస్తాయి. అందుకే ఆ పొర రేడియో తరంగాలకు అద్దంలా పనిచేస్తుంది. ఆ అద్దాన్ని మన దేశంలో ఏళ్ల తరబడి శ్రద్ధగా పరిశీలించినవారిలో మొదట చెప్పుకోవలసింది కలకత్తా ఆచార్యుడు శిశిర్ కుమార్ మిత్రా గురించే.

ఆయన 1890 అక్టోబరు 24న పుట్టారు. తండ్రి జయకృష్ణ బడిపంతులు. తల్లి శరత్‌కుమారి ఆ రోజుల్లోనే కలకత్తా క్యాంప్‌బెల్ మెడికల్ స్కూల్లో చేరి వైద్యం చదివారు. బిహారులోని భాగల్‌పూర్ లేడీ డఫరిన్ ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం రావడంతో కుటుంబమంతా అక్కడికి మారింది. తండ్రి మునిసిపాలిటీలో గుమాస్తాగా కుదిరారు. ఆ తర్వాత కష్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇద్దరు అన్నలు జబ్బులతో పోయారు. తండ్రి పక్షవాతంతో మంచాన పడి కన్నుమూశారు. ఇంటి ఖర్చంతా ఆ తల్లి జీతం మీదే పడింది. కొడుకు చదువు మాన్పించి ఏదో ఒక కొలువులో పెట్టడానికి ఆమెకు కారణాలు బోలెడున్నాయి. అయినా ఆమె ఆ పని చేయలేదు. శిశిర్ కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్ దగ్గర చదివి, 1912లో ఎమ్మెస్సీ పూర్తిచేశారు.

కొన్నేళ్లు చిన్న కాలేజీల్లో పాఠాలు చెప్పాక, 1916లో ఆశుతోష్ ముఖర్జీ ఆయన్ను కలకత్తా విశ్వవిద్యాలయపు కొత్త సైన్స్ కాలేజీకి పిలిచారు. ఆ కాలేజీ ఎవరి డబ్బుతో నిలబడిందో మీకు చెప్పాలి. తారక్‌నాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ అనే ఇద్దరు లాయర్లు తమ సంపాదనలోంచి ఇచ్చిన భారీ విరాళాలే దానికి ఆధారం. మిత్రా మొదట కూర్చున్న ఆచార్య పీఠం ఖైరా జమీందారీ నిధితో ఏర్పడింది. 1935లో అందుకున్న పీఠం ఘోష్ గారి పేరిటది. ఒక్కమాటలో చెప్పాలంటే, ప్రభుత్వం చేయి చాచకముందు మన సైన్సును నడిపించింది దాతలు.

1920లో ఆయన ఫ్రాన్సుకు వెళ్లారు. పారిస్‌లో చార్లెస్ ఫాబ్రీ దగ్గర రెండో డాక్టరేటు, మేరీ క్యూరీ ప్రయోగశాలలో కొంత కాలం పని, ఆ తర్వాత నాన్సీలో రేడియో వాల్వుల మీద పరిశోధన. అక్కడే మనసు వైర్‌లెస్ వైపు మళ్లింది. తిరిగి వచ్చాక కలకత్తాలో వైర్‌లెస్ బోధన, ప్రయోగశాల మొదలుపెట్టారు. 1930 నాటికి అయనోస్ఫియర్‌లో ఇ పొర అనే భాగం ఉందనడానికి తన బృందంతో కలిసి ప్రయోగపూర్వకమైన ఆధారం చూపించారు.

ఎత్తు కొలిచే పద్ధతి రాడార్‌ది. మీ పిల్లలతో కలిసి ఈ లెక్క వేసి చూడండి. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. పైకి పంపిన చిన్న స్పందన సెకనులో 500వ వంతు కాలంలో తిరిగొస్తే, అది పోయి వచ్చిన దూరం 600 కిలోమీటర్లు. అంటే పొర సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్నట్టు.

లెక్క తేలికే, కష్టమంతా ఖర్చు దగ్గరే వస్తుంది. ఆ పొర పగలు ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది. ఋతువును బట్టి మారుతుంది, సూర్యుడి 11 ఏళ్ల చక్రాన్ని బట్టీ మారుతుంది. ఒకసారి కొలిచి వదిలేస్తే లాభం లేదు. గంట గంటకూ, ఏళ్ల తరబడి, వేర్వేరు ఊళ్లలో కొలవాలి. ఒక్కసారి గ్రాంటు ఇచ్చి చేతులు దులుపుకుంటే యంత్రం మిగులుతుంది గానీ దాన్ని నడిపే మనిషికి జీతం మిగలదు. బ్రిటన్ 1920లోనే రేడియో పరిశోధన బోర్డు పెట్టుకుంది. ఆస్ట్రేలియా కూడా అదే దారిన నడిచింది. మనకూ అలాంటిది కావాలని మిత్రా 1930లలో పట్టుబట్టారు. స్పందన రావడానికి ఏళ్లు పట్టింది. చివరికి యుద్ధ కాలంలో, 1942లో, కొత్తగా ఏర్పడిన సీఎస్ఐఆర్ కింద రేడియో పరిశోధన కమిటీ వచ్చింది. దానికి అధ్యక్షుడు మిత్రాయే. సైన్యానికి రేడియో, రాడార్ అవసరమయ్యాక గానీ ప్రభుత్వాలకు పై గాలి విలువ తెలిసిరాలేదేమో!

ఆయన కోరిక మొండితనం కాదు, దానికి భౌగోళిక కారణం ఉంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దక్షిణ కొసకు దగ్గరగా పోతుంది. అయినా అయనోస్ఫియర్ అత్యంత దట్టంగా ఉండేది సరిగ్గా ఆ రేఖ మీద కాదు, దానికి కాస్త ఉత్తరానా దక్షిణానా. కలకత్తా ఆ ఉత్తరపు దట్టమైన పట్టీకి దగ్గర్లో ఉంది. ఈ వింతకు భూ అయస్కాంత క్షేత్రమే కారణమని 1946లో ఒక వివరణ ఇచ్చినవారిలో మిత్రా ఒకరు. ఇలాంటి కొలతలు లండన్‌లో కూర్చుని చేయలేరు.

యుద్ధం చివర్లో మేఘనాథ్ సాహా, శాంతిస్వరూప్ భట్నాగర్ తదితరులతో కలిసి బ్రిటన్, అమెరికాల్లోని ప్రయోగశాలలు చూసొచ్చారు. 1947లో ఎగువ వాతావరణం మీద ఆయన రాసిన ఇంగ్లీషు గ్రంథాన్ని కలకత్తా ఏషియాటిక్ సొసైటీ అచ్చువేసింది. ఆ విషయమంతా ఒకచోట దొరికే పుస్తకంగా అది ఇతర దేశాల్లోనూ చదివే గ్రంథమైంది. 1952లో రెండో ముద్రణ వచ్చింది. 1949లో రేడియో ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్‌కు విశ్వవిద్యాలయంలో ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఊరి రేడియో రొదకు దూరంగా హరిణ్‌ఘాటాలో పరిశీలన కేంద్రం కూడా వచ్చింది.

1955లో పదవీ విరమణ చేశాక ఆయనకు దొరికింది విశ్రాంతి కాదు. బెంగాల్ మాధ్యమిక విద్యా బోర్డు నిర్వహణ ఆయన చేతికి వచ్చింది. పై గాలి పొరలతో గడిపిన మనిషి పదో తరగతి పరీక్షల గొడవలో పడ్డారన్నమాట. 1958లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1962లో పద్మభూషణ్ అందుకుని, 1963 ఆగస్టు 13న కన్నుమూశారు. చంద్రుడి మీద ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన శిష్యుడు అశేష్ ప్రసాద్ మిత్రా ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు. 1980లలో మధ్య వాతావరణ పరిశోధనకు దేశవ్యాప్త ప్రణాళిక వేసినవారిలో ఆయన ముఖ్యులు. ఆ రోజుల ఆలోచనల ఫలమే మన తిరుపతి దగ్గరి గాదంకి రాడార్. ఈసారి ఒక్క దాత మీదో, ఒక్క శాఖ మీదో భారం పడలేదు. కేంద్ర ప్రభుత్వ శాఖలు అనేకం తలా కొంత వేసుకుని కట్టాయి. 1990ల ఆరంభం నుంచి అక్కడ 1024 యాగీ యాంటెన్నాలు, ఒకప్పుడు మన మేడల మీద ఉన్న టీవీ యాంటెన్నాల్లాంటివే, వరుసలు తీరి ఆకాశం వైపు స్పందనలు పంపి ప్రతిధ్వని కోసం చూస్తున్నాయి.