ఫిడేలు నాయుడు గారు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు మాట వినిపించడం ఈనాటి సంగతి కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1891లో ఈ ఊరి మీదుగా నాగపూర్ నుంచి అసన్‌సోల్ వరకు రైలు మార్గం తెరిచింది. 1931లో రాయపూర్ – విజయనగరం మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర వారికి ఈ ప్రాంతం మరింత దగ్గరైంది. మీలో చాలామంది తాతలు ఆ దారినే వచ్చి ఉంటారు. కోర్బా నుంచి బిలాస్‌పూర్ మీదుగా విశాఖపట్నం వెళ్లే బండి నేటికీ విజయనగరంలో ఆగుతుంది. ఈ పాఠంలో ఆ విజయనగరానికి పేరు తెచ్చిన ఒక విద్వాంసుని గురించి తెలుసుకుందాం. ఆయన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. జనం ఆయనను ఫిడేలు నాయుడు గారు అనేవారు.

పాఠం మొదలుపెట్టే ముందు ఒక విషయం ఆలోచించండి. వినాయక చవితి పందిట్లో పక్కింటి అబ్బాయి పాడాడనుకోండి. శ్రుతి కాస్త తప్పినా మనకు ఆనందంగానే ఉంటుంది. అదే పాట ముక్కూమొహం తెలియనివాడు పాడితే లేచి వెళ్లిపోతాం. మరి మనం ఆనందించింది పాటనా, పక్కింటి అబ్బాయినా? నాయుడు గారి జీవితం చదువుతున్నప్పుడు ఈ ప్రశ్నను పక్కన పెట్టుకోండి.

నాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళి నాడు, బెంగుళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. పెరిగింది విశాఖపట్నంలో. చిన్నప్పటి నుంచీ చూపు మందం. అందువల్ల బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. అన్నగారు వెంకటకృష్ణయ్య ఆయనకు వాయులీనం నేర్పారు. బడిలో నల్లబల్ల కనబడని పిల్లవాడికి ఇంట్లో నాలుగు తంత్రుల వాయిద్యం చదువైంది.

1919లో విజయనగరం మహారాజా వారు సంగీత కళాశాల స్థాపించారు. ఒక అంధ బాలునికి సంగీతం నేర్పించాలన్న కోరికే దానికి కారణమైందని చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. విద్యార్థిగా చేరదామని వెళ్లిన నాయుడు గారి వాద్యం విని దాసు గారు ఆయనను వాయులీన ఆచార్యునిగానే తీసుకున్నారని అంటారు. అప్పటికి ఆయనకు ముప్పయ్యేళ్లు కూడా లేవు. 1936లో దాసు గారి తరువాత ప్రిన్సిపాల్ పదవి కూడా ఆయనకే వచ్చింది.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. దాసు గారు కాళ్లకు గజ్జె కట్టి నిలబడితే సభ అంతా ఆయనదే. ఆయన విద్యను ఆయన మనిషితనం నుంచి విడదీయలేం. ఆ ఆకారం, ఆ ధాటి, ఆ చమత్కారం అన్నీ కథలో భాగమే. నాయుడు గారు అలా కాదు. కూర్చుని, తల వంచి, వాయులీనం కొసను పాదం మీద ఆనించి కమాను లాగడమే ఆయన పని. మనిషి వెనక్కి తగ్గుతాడు, నాదం ముందుకు వస్తుంది.

ఆ రోజుల్లో వాయులీనం ప్రధానంగా పక్కవాద్యం. పాటగాడు నడిచిన దారిలో వెంట నడవాలి. అతడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ మలుపు తిరుగుతాడో ముందే పసిగట్టాలి. ఎదుటి మనిషిని తెలుసుకోవడమే పక్కవాద్యం వారి విద్యలో సగం అనవచ్చు. నాయుడు గారు అందులో ఆరితేరి, ఆ తరువాత వాయులీనాన్ని ఒంటరిగా కచేరీ నడిపే వాద్యంగా నిలబెట్టారు. ఆయన తొలి సోలో కచేరీ 1938లో వెల్లూరులో జరిగింది. నిడుపైన కమాను లాగుళ్లు, పాట మాటలు కూడా వినిపిస్తున్నాయా అనిపించే స్పష్టత ఆయన ప్రత్యేకత.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. రోజూ కనిపించే మనిషి గొప్పతనం ఊరివారికి ఆనదు. నాయుడు గారి విషయంలో ఈ సామెత నిలవలేదు. విజయనగరంలో ఆయన ఇంట శిష్యులు ఇంటి పిల్లల్లా మెలిగారు. అలాంటివారు ఆయన వాద్యంలో మనకు అందనివి ఎన్నో విన్నారు. నిన్న సాధకంలో ఎక్కడ తడబడి మళ్లీ మళ్లీ వాయించారో, ఈ రోజు కచేరీలో అదే చోట ఎంత సులువుగా దాటారో వారికే తెలుస్తుంది. ఇది అభిమానం కాదు, పరిచయం వల్ల వచ్చిన ఎరుక. చూపు మందగించిన మనిషి కదా అన్న జాలి మాత్రం వేరు సంగతి. జాలితో వింటే జాలే వినిపిస్తుంది, రాగం వినిపించదు.

ఇక పరిచయమే లేనివారి మాట. ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ 1952లో మన దేశానికి వచ్చారు. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న పి.వి. రాజమన్నార్ గారి ఇంట్లో నాయుడు గారి వాద్యం విన్నారు. ఆయనకు తెలుగు రాదు, విజయనగరం తెలియదు, త్యాగరాజు కీర్తనలతో పెరిగినవారు కాదు. అయినా విని ఎంతో మెచ్చుకున్నారు. అయితే మెనూహిన్ పూర్తిగా పరాయివారని అనలేం. మనిషి తెలియకపోయినా వాయిద్యం తెలుసు. కమాను పట్టిన చేతికి కమాను కష్టం తెలుస్తుంది. బహుశా అన్ని పరిచయాల్లోకీ అదే దగ్గరి పరిచయం.

ఆగి ఆలోచించండి: ఘంటసాల వెంకటేశ్వరరావు గారు కూడా విజయనగరం సంగీత కళాశాలలోనే చదివారు. మనలో ఎవరూ ఆయనతో మాట్లాడి ఉండకపోవచ్చు. అయినా ఆయన గొంతు వింటే ఇంటి మనిషి పిలిచినట్లు ఉంటుంది. ఈ పరిచయం ఎక్కడి నుంచి వచ్చింది? నాలుగు వాక్యాల్లో రాయండి.

1941లో మద్రాసు సంగీత అకాడమీ నాయుడు గారికి సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. 1964 నవంబరు 25న ఆయన కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1993లో తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

ఆయన వాద్యం గ్రామఫోను రికార్డులకు ఎక్కింది. ఆ కాలపు రికార్డులో ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. తీరిగ్గా విస్తరించవలసిన రాగాన్ని ఆ మూడు నిమిషాల్లో కుదించాలి. ఎదురుగా కూర్చుని విన్నవారికి అది చెంబులో పట్టిన గోదావరిలా తోచడం సహజం. మనకు మాత్రం ఆ చెంబుడు నీళ్లే గోదావరి. విజయనగరం వీధుల్లో ఆయన నడిచి వెళ్తుంటే చూసినవారు ఇప్పుడు బహు కొద్దిమంది. బిలాస్‌పూర్‌లో పుట్టి, హిందీ బడిలో చదివి, ఇంట్లో మాత్రమే తెలుగు మాట్లాడే మీ పిల్లలకు ఆయన మెనూహిన్‌కు ఎంత తెలుసో అంతే తెలుసు. ఇప్పుడు పాత రికార్డులు ఫోనులోనే దొరుకుతున్నాయి. ఈ పాఠం వారికి చదివి వినిపించక ముందు ఒకసారి, వినిపించాక ఒకసారి ఆ రికార్డు పెట్టి చూడండి. రెండుసార్లూ ఒకేలా వినిపించిందో లేదో వారినే అడగండి.