జలకవచ నిర్మాత అగస్టస్ సీబె

క్రీ. శ. 1788లో సాక్సనీ దేశమున జన్మించిన అగస్టస్ సీబె లండను నగరమున యంత్రనిర్మాతయై స్థిరపడెను. అంతకు పూర్వము నీట మునిగి పనిచేయువారి కవచమునకు అడుగున తెరపి యుండెడిది. మనిషి వంగి పడినచో నీరు చొచ్చి ప్రాణములు గొనెడిది. సీబె శిరస్త్రాణమును నీరు చొరని దుస్తులతో జేర్చి బిగించి ఆ యాపదను తొలగించెను.

ఈ కవచమును తనంతట తాను ధరించుట దుష్కరము. మొదట ఉన్నివస్త్రములు, పిదప రబ్బరు దుస్తులు. సహాయకులు మెడపట్టీని రాగిఫలకమునకు మరలతో బిగించి, సీసపు బరువులు కట్టి, గాలియంత్రము నడచిన పిమ్మటనే ముఖపుటద్దమును మూయువారు.

1782లో మునిగిన రాయల్ జార్జి నౌకకడ 1839లో ఆరంభమైన పనియందు ఈ కవచము మెప్పు గాంచెను. 1872లో సీబె గతించెను. ధరించువాని ప్రాణము తొడుగువాని శ్రద్ధయందున్నదని ఆ కవచము లోకమునకు నేర్పెను.