సహజ పండితుడు పోతన

అక్షరజ్ఞానము లేనివారికిని గజేంద్రమోక్షము కొంత నోటికి వచ్చుట తెలుగు పల్లెలలో కాననగును. ప్రహ్లాద చరిత్రము వినని ఇల్లు అరుదు. ఇట్లు పండితులకును పామరులకును సమముగా ఆత్మీయుడైన కవి బమ్మెర పోతన.

ఆయన 15వ శతాబ్దమువాడు. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. ఓరుగల్లు సీమలోని బమ్మెర గ్రామము ఆ వంశమునకు ఇంటిపేరైనది. అది నేడు జనగామ జిల్లాలో చేరియున్నది. గోదావరి ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి కాలువనీటికి అలవాటుపడిన గణపవరము ప్రాంతపు రైతునకు ఆ సీమ సేద్యము వింతగా తోచును. అచ్చట చెరువులే ఆధారము. వాన కురిసి చెరువు నిండినచో వరి, నిండనిచో మెట్టపైరు. అట్టి నేలను దున్ని పోతన కుటుంబమును పోషించుకొనెనని ఐతిహ్యము.

గొప్ప గురుకులములలో చదివినట్లు ఆయన ఎచ్చటను చెప్పుకొనలేదు. తనది సహజపాండిత్యమని స్కంధాంత గద్యములలో వ్రాసికొనెను. తొలుత వీరభద్రవిజయమును రచించెను. రాచకొండ ప్రభువు సింగభూపాలుని భోగినిని గూర్చిన భోగినీదండకము కూడ ఆయనదే యని పలువురి మతము. అదియే నిజమైనచో రాజసభల రుచి ఆయన ఎరుగనిది కాదు. ఎరిగియు విడిచినాడనుట విశేషము.

ఒక చంద్రగ్రహణము నాడు నదీస్నానము చేసి ఇసుకతిన్నెపై ధ్యానమున నుండగా, శ్రీరాముడు దర్శనమిచ్చి భాగవతమును తెలుగున రచింపుమని ఆదేశించినట్లు గ్రంథావతారికలో పోతనయే చెప్పెను. అధములైన రాజులకు కృతినిచ్చి ఊళ్లను, వాహనములను, ధనమును గైకొనుటకు సమ్మతింపక, తన కావ్యమును దైవమునకే అర్పించెను. కృతిభర్త లేనిచో కవి సంసారము గడచుట దుర్లభమైన కాలమది. పండ్రెండు స్కంధముల మహాగ్రంథమును చేపట్టి, ఫలమాశింపక, ఇంటి కూటికి నాగలినే నమ్ముకొనుట సామాన్య సాహసము కాదు. కృతి తనకు దక్కలేదని కినిసిన ప్రభువు గ్రంథమును పాతిపెట్టించెనని ఒక కథ కలదు. కథ మాట ఎట్లున్నను, కొన్ని స్కంధములు గంగన, సింగన, నారయల పూరణలుగానే నేడు లభించుచున్నవి.

సమకాలికుడైన శ్రీనాథుని చరిత్రము ఇచ్చట స్మరణీయము. ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకమందిన కవిసార్వభౌముడాయన. పోషకులైన రెడ్డిరాజుల ప్రాభవము అంతరించిన పిమ్మట బొడ్డుపల్లిలో భూమిని గుత్తకు తీసికొనెననియు, పైరు కృష్ణవేణి పాలుకాగా 700 టంకములు చెల్లింపలేక అవమానముల పాలయ్యెననియు ఆయన పేర నున్న చాటుపద్యము తెలుపుచున్నది. వరదగాని, అనావృష్టిగాని పోతన చేనునైనను విడువవు. కావున సేద్యము చేసినంతమాత్రమున తృప్తి లభించునని చెప్పరాదు. శ్రీనాథునకు సేద్యము సిరి తొలగిన పిమ్మట దొరికిన తలదాపు. పోతనకు అది సిరిని కోరకుండుటకు కలిగిన ఆధారము. కోరికలు మితమైనవి కనుక ఆయనకు చేతి కష్టము చాలెను.

ఈ మనస్సు భాగవతమున పలుచోట్ల కాననగును. బలిచక్రవర్తి ఏమైనను కోరుమనగా, వామనుడు మూడడుగుల నేల మాత్రమే అడిగెను. దానితో తృప్తిపడనివానికి సప్తద్వీపములు వచ్చినను ఆశ తీరదని చెప్పెను. కుచేలుడు చినిగిన వస్త్రపు కొంగున అటుకులు కట్టుకొనిపోయి, బాల్యసఖుడైన శ్రీకృష్ణుని ఎదుట నిలిచియు, నోరు తెరచి ఏమియు యాచింపలేదు. ఈ కథలు వ్యాసభాగవతమున నున్నవే. తాను గడపిన జీవితమే కథయై ఎదుట నిలుచుటచేత గాబోలు, పోతన కలమున అవి అంత చక్కగా పండినవి.

రాచకొండ రాజ్యము పోయినది, రెడ్డిరాజుల కోటలు శిథిలములైనవి. ఏ రాజునకును అంకితముకాని భాగవతము మాత్రము పల్లె గ్రంథాలయములకు చేరి, పగలెల్ల పొలమున శ్రమించి సాయంకాలము పుస్తకము చేతబట్టు రైతునకు తనవంటి రైతు పలుకుగా వినిపించుచున్నది. ఆయన ఆశింపని సంభావన ఇదియే.